తిన్నావా అని అడిగితే చాలునా?



పెండ్లి నిశ్చయమైన యువతీ యువకులు విచారణ గురువుల వద్దకు వచ్చినప్పుడు మేము అడిగే ప్రశ్నలు మీలో చాలామందికి తెలిసినవే. జ్ఞానస్నాన పత్రం తెచ్చారా? భద్రమైన అభ్యంగనం పొందారా? జపాలు వచ్చునా? ఈ ప్రశ్నలకు జవాబులు తడుముకోకుండా వస్తాయి. ఆ తరువాత ఒక ప్రశ్న ఉంది. "మీరిద్దరూ ఒకరితో ఒకరు మాట్లాడుకున్నారా?" అని అడిగితే అబ్బాయి నవ్వుతాడు, అమ్మాయి తల దించుకుంటుంది. "రోజూ ఫోనులో మాట్లాడుకుంటూనే ఉన్నాం ఫాదరుగారూ" అంటారు. ఏమి మాట్లాడుకున్నారని అడిగితే మాత్రం ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు.

ఈ వారం మీతో ఒక జంట సంగతి చెప్పాలనుకుంటున్నాను. ఇది పాపసంకీర్తనంలో విన్న సంగతి కాదు. వారిద్దరి అనుమతితోనే రాస్తున్నాను. పేర్లు, ఊరు మాత్రం చెప్పను. "మా సంగతి చదివి ఒక్క జంటయినా నోరు విప్పితే మాకు సంతోషమే" అని వారే అన్నారు.

ఆ ఇద్దరూ ఒకే విచారణకు చెందినవారు. క్రిస్మసు పాటల సాధనలో పరిచయం. అతడు గానబృందంలో తబలా వాయించేవాడు, ఆమె పాడేది. ఒకరంటే ఒకరికి ఇష్టమని ఊరందరికీ తెలిసినా, ఆ మాట వారిద్దరూ ఒకరికొకరు చెప్పుకోలేదు. అతడికి హైదరాబాదులో లిఫ్టులు బాగుచేసే పని దొరికింది. ఆమె నర్సు చదువు పూర్తిచేసి పట్నంలో ఆసుపత్రిలో చేరింది. పెద్దలే గ్రహించి సంబంధం కలిపారు. ఈస్టరు పండుగ తరువాత ప్రధానం జరిగింది. ఇరుపక్షాల వారూ కూర్చుని, పిల్లవాడికి రెండు లక్షల రూపాయలూ ఒక మోటారు సైకిలూ ఇవ్వాలని మాట్లాడుకున్నారు. దానికి కట్నమనే పేరు పెట్టలేదు, లాంఛనాలు అన్నారు.

ఆనాటి నుండి ప్రతి రాత్రి తొమ్మిది గంటలకు అతడు ఫోను చేసేవాడు. "తిన్నావా?" అని అడిగేవాడు. "తిన్నాను. మీరు తిన్నారా?" అని ఆమె అడిగేది. "తిన్నాను. పడుకో మరి." ఫోను పెట్టేసేవారు. ఇలా నాలుగు నెలలు గడిచాయి.

మన ఇళ్లలో ప్రేమను మాటల్లో చెప్పే అలవాటు తక్కువ. పొలం నుండి ఆలస్యంగా వచ్చిన భర్తకు అన్నం వేడిచేసి పెట్టడంలో, జ్వరమొచ్చిన భార్య నుదుటిమీద తడిగుడ్డ వేయడంలో మన ప్రేమ ఉంటుంది. 'తిన్నావా' అనే మాటలో కూడా ఉంది. నేను దానిని తక్కువ చేసి మాట్లాడటం లేదు. మా అమ్మ నన్ను జీవితమంతా అడిగిన మాట అదే. కాని అమ్మ అడిగినప్పుడు నా మొహం చూసి అడిగేది. తిన్నానని అబద్ధం చెబితే కనిపెట్టేది. ఫోనులో మొహం కనిపించదు గదా!

రెండు ఆదివారాలు గుడిలో వారి పెండ్లి చాటింపులు చదివాను. ఆ వారం నియమం ప్రకారం ఇద్దరినీ విడివిడిగా పిలిచి అడిగాను. మొదట అమ్మాయి. "తల్లీ, ఎవరి బలవంతమూ లేకుండా నీ మనసారా ఈ పెండ్లికి ఒప్పుకుంటున్నావా?" చాలాసేపు మాట్లాడలేదు. తరువాత, "ఆయనకిష్టమైతే నాకూ ఇష్టమే ఫాదరుగారూ" అంది. ఆమె వెళ్లాక అబ్బాయి వచ్చాడు. అదే ప్రశ్న. "ఆ అమ్మాయికి ఇష్టమైతే నాకూ ఇష్టమే" అన్నాడు.

నాకు ముందు నవ్వొచ్చింది. తరువాత భయం వేసింది. ఇద్దరూ తమ సమ్మతిని అవతలివారి మనసుమీద ఆనించారు. అవతలివారి మనసులో ఏముందో ఇద్దరికీ తెలియదు. ఇసుకమీద కట్టిన ఇంటి సంగతి ప్రభువు ఎందుకు చెప్పారో ఆ రోజు నాకు మరొకసారి అర్థమైంది.

ఇద్దరినీ తీసుకువెళ్లి మరియమాత గుహ పక్కన బల్లమీద కూర్చోబెట్టాను. "మీరు మాట్లాడుకోండి. ఒక్కటే షరతు. ఎవరూ 'ఏం లేదు' అనకూడదు" అని చెప్పి, కాస్త దూరంగా కూర్చుని జపమాల తీసుకున్నాను. మూడు రహస్యాలు పూర్తయ్యేవరకు ఒక్క మాటా వినబడలేదు. అప్పుడు ఆ అమ్మాయి గొంతు వినిపించింది.

"మా నాన్న పొలం తాకట్టు పెట్టి వచ్చిన రోజు రాత్రి మీరు ఫోను చేశారు. తిన్నావా అని అడిగారు. తిన్నానన్నాను. ఆ రోజు మా ఇంట్లో ఎవరమూ తినలేదు."

ప్రియులారా, ఆ అబ్బాయికి తాకట్టు సంగతి తెలియదు. డబ్బు అడిగారని తెలుసు. అది తప్పని కూడా తెలుసు. తండ్రికి ఎదురుచెప్పే ధైర్యం లేక, 'పెండ్లి అయ్యాక మెల్లగా తిరిగి ఇచ్చేద్దాంలే' అనుకున్నాడు. ఆ అనుకున్న మాటనైనా ఆమెతో చెప్పలేదు. ఆమె మాత్రం రోజూ ఎదురుచూసింది. 'ఈ రోజైనా ఒక్క మాట అంటాడేమో' అని ఫోను తీసేది. అనకపోయేసరికి, ఈయన కూడా నన్ను కాదు, లాంఛనాలను చేసుకుంటున్నాడు అనుకుంది. ఆమె మాటలు పొడిపొడిగా మారాయి. అది చూసి అతడు, ఉద్యోగం వచ్చాక నేను చిన్నవాడినైపోయాను, ఆమెకు నా మీద ఇష్టం పోయింది అనుకున్నాడు. అతడు తన బాధను తనతోపాటు పనిచేసే స్నేహితుడితో చెప్పుకున్నాడు. ఆమె హాస్టల్లో పక్క మంచం అమ్మాయితో చెప్పుకుంది. చెప్పవలసిన ఒక్క మనిషికి మాత్రం ఇద్దరిలో ఎవరూ చెప్పలేదు.

ఇది ఈ కాలపు రోగమని అనుకోకండి. ఆదికాండములో ఈసాకు, రిబ్కాల సంగతి చదవండి. ఎంత అందంగా మొదలైన కాపురం అది! అబ్రాహాము సేవకుడు బావి దగ్గర రిబ్కాను చూశాడు. ఆమె అతడికి నీళ్లిచ్చి, ఒంటెలకు కూడా నీళ్లు తోడిపోసింది. పెద్దలు సంబంధం ఒప్పుకున్నారు. అయినా ప్రయాణానికి ముందు పిల్లను పిలిచి ఈ మనిషితో వెళతావా అని అడిగారు. వెళతానని ఆమె తన నోటితో చెప్పింది. అంత ప్రాచీన కాలంలో కూడా అమ్మాయిని అడిగారు, ఆమె జవాబు చెప్పింది. ఈసాకును దూరం నుండి చూసి రిబ్కా ముసుగు వేసుకుంది. ఈసాకు ఆమెను ప్రేమించాడనీ, తల్లి పోయిన దుఃఖంలో ఊరట పొందాడనీ గ్రంథం చెబుతోంది.

అలాంటి ఇంట్లో తరువాత ఏం జరిగింది? కవలలు గర్భంలో పెనుగులాడినప్పుడు రిబ్కా దేవుణ్ణి అడిగింది. పెద్దవాడు చిన్నవాడికి సేవకుడవుతాడని దేవుడు ఆమెకు తెలియజేశాడు. ఆ మాట ఆమె భర్తకు చెప్పినట్లు గ్రంథంలో ఎక్కడా లేదు. ఈసాకుకు ఏసావు అంటే ఇష్టం. రిబ్కాకు యాకోబు అంటే ఇష్టం. ముసలివాడై చూపు మందగించిన ఈసాకు ఏసావును దీవించాలని రహస్యంగా పిలిచాడు. భార్యకు చెప్పలేదు. ఆమె చాటున విన్నది. విన్న తరువాతైనా ఎదురుగా వెళ్లి, ఏమండీ, దేవుడు నాతో ఇలా అన్నాడు అని చెప్పలేదు. కొడుకు చేతులకు మేకపిల్లల తోలు చుట్టి భర్తను మోసం చేసింది. ఫలితం ఏమిటి? అన్న తమ్ముణ్ణి చంపాలనుకున్నాడు. కొన్నాళ్లు తలదాచుకొమ్మని తల్లి పంపిన యాకోబు లాబాను ఇంట 20 సంవత్సరాలు ఉండిపోయాడు. తల్లి ఆ కొడుకును మళ్లీ చూసినట్లు గ్రంథంలో కనిపించదు.

ఆ భార్యాభర్తల మధ్య ప్రేమ లేదని ఎవరనగలరు? ప్రేమ ఉంది, మాట కరువైంది. పెండ్లినాడు మొహంమీది ముసుగు తీసింది గాని, మనసు మీది ముసుగు అలాగే ఉండిపోయింది.

ఇక్కడ మీలో ఒకరు నన్ను అడగవచ్చు. "ఫాదరుగారూ, పునీత యోసేపుగారు మౌనంగా ఉండలేదా? సువార్తల్లో ఆయన పలికిన మాట ఒక్కటి కూడా లేదు గదా! మౌనం పుణ్యమని మీరే చెప్పారు గదా!" అని. నిజమే. ఆ ప్రశ్న న్యాయమైనది. యోసేపుగారికి కూడా ప్రధానమైన తరువాత, కాపురానికి ముందు పెద్ద కష్టం వచ్చింది. మరియమ్మ గర్భవతి అని తెలిసింది. ఆయన నలుగురిలో అల్లరి చేయలేదు. ఆమెను అవమానపరచడం ఇష్టంలేక రహస్యంగా విడిచిపెట్టాలనుకున్నారు. దేవదూత మాట విన్న వెంటనే ఆమెను ఇంటికి తెచ్చుకున్నారు.

ఆయన మౌనం ఎవరిని కాపాడింది? మరియమ్మను. ఆమె పరువును, ఆమె ప్రాణాన్ని. మరి మన మౌనం ఎవరిని కాపాడుతోంది? అడిగితే చులకనవుతానేమో, చెబితే కాదంటుందేమో, నాన్నకు కోపం వస్తుందేమో అని మనల్ని మనం కాపాడుకోవడానికే నోరు మూసుకుంటాం. దానికి ఓర్పు అని, మర్యాద అని పేరు పెడతాం. అవతలి మనిషిని కాపాడే మౌనం ప్రేమ. నన్ను నేను కాపాడుకునే మౌనం పిరికితనం. మీ మౌనం ఏ రకమో తెలుసుకోవాలంటే ఈ ఒక్క ప్రశ్న వేసుకుంటే చాలు.

పైగా తిరుకుటుంబంలో మాటలు లేవని అనుకోకండి. పన్నెండేళ్ల బాలయేసు యెరూషలేములో తప్పిపోయి మూడవ రోజు దేవాలయంలో కనబడినప్పుడు మరియమ్మ ఏమన్నది? నీ తండ్రీ నేనూ ఎంతో ఆందోళనతో వెదికామని చెప్పింది. ముందు భర్త బాధ చెప్పి, తరువాత తన బాధ చెప్పింది. ఆయన మనసులో ఏముందో ఆమెకు తెలుసు. వెదుకుతూ నడిచిన ఆ దారిలో ఇద్దరూ ఒకరి దుఃఖం ఒకరు పంచుకొని ఉండాలి. లోకానికి వినిపించని యోసేపుగారి మాట ఇంట్లో మరియమ్మకు వినిపించేదని నేను నమ్ముతాను.

మన కతోలిక శ్రీసభ వివాహాన్ని మాట మీదనే నిలబెట్టింది. 1983లో జగద్గురువులు రెండవ జాన్ పాల్ వారు ప్రకటించిన శ్రీసభ ధర్మశాస్త్రంలో 1057వ సూత్రం చూడండి. వధూవరుల సమ్మతే వివాహాన్ని ఏర్పరుస్తుందనీ, వారి బదులు ఆ సమ్మతిని ఇవ్వగల మానవశక్తి లేదనీ దాని సారాంశం. తండ్రి ఇవ్వలేడు, మేనమామ ఇవ్వలేడు, మేత్రాణులు కూడా ఇవ్వలేరు. ఆ సమ్మతిని మాటల్లో తెలపాలనీ, మాట్లాడలేనివారు తగిన సంజ్ఞలతో తెలపాలనీ 1104వ సూత్రం చెబుతోంది. మన లతీను ఆచారం ప్రకారం ఈ దివ్యసంస్కారాన్ని ఒకరికొకరు ఇచ్చుకునేది వధూవరులే. గురువు శ్రీసభ పేరట ఆ సమ్మతిని స్వీకరించి, సాక్షిగా నిలబడి, దీవిస్తాడు. తాళి కట్టకముందు పీఠం ముందర మీ నోటితో ఆ మాట పలికించేది అందుకే. జీవితాంతం కట్టుబడే మాట ఆ రోజు పలకవలసిన నోటికి అంతకుముందు నిజం పలికే అలవాటు ఉండవద్దా?

2014 ఫిబ్రవరి 14న రోములో పునీత పేతురు దేవాలయ ప్రాంగణానికి పెండ్లి నిశ్చయమైన జంటలు వేల సంఖ్యలో వచ్చాయి. అప్పటి జగద్గురువులు ఫ్రాన్సిస్ వారు వారికి పెద్ద వేదాంతమేమీ చెప్పలేదు. అనుమతి అడగడం, కృతజ్ఞత చెప్పడం, క్షమాపణ కోరడం అనే మూడు మాటలు నేర్చుకోమన్నారు. సమాధానపడకుండా రోజు ముగించవద్దన్నారు. ఈ మూడూ నోటితో చెప్పవలసినవే. మనసులో అనుకుంటే చాలదు.

తోబీతు గ్రంథంలో తోబియా, సారాల పెండ్లి రాత్రి గుర్తుందా? అంతకుముందు సారాను పెండ్లాడిన ఏడుగురూ మొదటి రాత్రే చనిపోయారు. ఆ రాత్రి పెండ్లికూతురి తండ్రి అల్లుడి కోసం ముందుగానే గొయ్యి తవ్వించాడు. తోబియాకు సారాను చేసుకోవాలంటే భయమే. ఆ భయాన్ని ముందే తన తోడు ప్రయాణికుడితో పైకి చెప్పాడు. ఆ ప్రయాణికుడు దేవదూత అని అతడికి తెలియదు. గదిలో అడుగుపెట్టాక అతడు, లే, మనం ప్రార్థన చేద్దాం అని ఆమెను పిలిచాడు. కామంతో కాదు, నిండు మనసుతో ఈమెను స్వీకరిస్తున్నానని దేవుని ఎదుట బిగ్గరగా చెప్పాడు. సారా విన్నది. ఇద్దరూ కలిసి ఆమెన్ అన్నారు. తన గురించి భర్త మనసులో ఏముందో ఆమె తన చెవులతో విని నిద్రపోయింది. తెల్లవారేసరికి ఇద్దరూ క్షేమంగా ఉన్నారు. తవ్విన గొయ్యి పూడ్చేశారు.

మన జంట సంగతికి వస్తాను. ఆ రాత్రే అబ్బాయి తండ్రి దగ్గర కూర్చుని మాట్లాడాడు. తండ్రికి కోపం వచ్చింది. తొమ్మిది రోజులు కొడుకుతో మాట్లాడలేదు. పెండ్లి ఒక నెల వాయిదా పడింది. ఊళ్లో నానా మాటలూ అన్నారు. చివరకు మోటారు సైకిలు మాట మానుకున్నారు. అప్పటికే చేతులు మారిన లక్ష రూపాయలు వెనక్కి వచ్చాయి. తాకట్టు విడిపించడానికి ఇంకా తగ్గిన డబ్బును ఆ తరువాతి సంక్రాంతిలోగా అబ్బాయీ అమ్మాయీ కలిసి తమ జీతాల్లోంచి కట్టారు. మామగారికి మనసులో కొరత పూర్తిగా పోయిందని నేను చెప్పలేను. కాని మనవరాలికి జ్ఞానస్నానం జరిగిన రోజు గుడి మెట్ల మీద ఆ బిడ్డను ఎవరికీ ఇవ్వకుండా ఎత్తుకుని తిరిగింది ఆయనే.

ఇక నా తప్పు కూడా ఒప్పుకోవాలి. ఆ ప్రధానం విందులో నేనూ ఉన్నాను. పెద్దలు లాంఛనాలు మాట్లాడుకుంటుంటే విన్నాను. కట్నం ఇవ్వడమూ పుచ్చుకోవడమూ అడగడమూ నేరమని 1961 నాటి చట్టం చెబుతోందని నాకు తెలుసు. అది సువార్తకు విరుద్ధమని అంతకంటే బాగా తెలుసు. శుభకార్యంలో గొడవ ఎందుకని భోజనం చేసి వచ్చాను. ఆ అబ్బాయి మౌనానికీ నా మౌనానికీ తేడా ఏముంది? అతడు తండ్రికి భయపడ్డాడు, నేను పెద్దమనుషులకు భయపడ్డాను. ఆ తరువాత ఏ ప్రధానానికి వెళ్లినా, దీవెన చెప్పకముందే ఆ సంగతి అడుగుతున్నాను. ఒకటి రెండు ఇళ్లలో నన్ను పిలవడం మానేశారు. పరవాలేదు.

యువతీ యువకులారా, మీ ప్రేమను చూసి శ్రీసభ సిగ్గుపడదు. పరమగీతము మన పరిశుద్ధ గ్రంథంలోనిదే. ప్రేమించుకున్న ఇద్దరు ఒకరితో ఒకరు మనసు విప్పి మాట్లాడుకునే గ్రంథమది. అందులో ఒకచోట ప్రియుడు రాత్రివేళ వచ్చి తలుపు తట్టితే, పాదాలు కడుక్కున్నాను, మళ్లీ మురికి చేసుకోనా అని ఆమె ఆలస్యం చేస్తుంది. లేచి తలుపు తీసేసరికి అతడు వెళ్లిపోయి ఉంటాడు. చెప్పవలసిన మాటను రేపటికి వాయిదా వేసేవారు ఆ తలుపును గుర్తుంచుకోండి. మీకు ఇష్టమైతే ఇష్టమని చెప్పండి. ఇష్టం లేకపోతే చాటింపులు చదవకముందే చెప్పండి. అప్పులుంటే చెప్పండి, జబ్బులుంటే చెప్పండి, ఉద్యోగం మానడం ఇష్టం లేకపోతే చెప్పండి. కోపం వస్తే కోపమొచ్చిందనీ, ఎందుకు వచ్చిందో కూడా చెప్పండి. అడిగినప్పుడు 'ఏం లేదు' అనే మాట మానుకోండి. ఆ మాట వెనుక ఉన్నంత సరుకు మరే మాట వెనుకా ఉండదు.

తల్లిదండ్రులారా, పిల్లలు నోరు విప్పాలంటే ముందు మన ఇంట్లో మాటకు చోటుండాలి. ఎదురుచెప్పడం, మనసు చెప్పడం ఒకటి కాదు. సంబంధం కుదిర్చే ముందు మీ అమ్మాయిని ఒంటరిగా కూర్చోబెట్టి అడగండి. రిబ్కాను అడిగారు గదా! ఆమె జవాబు చెప్పేదాకా ఆగండి. మౌనం అర్ధాంగీకారమనే సామెతను పెండ్లి విషయంలో వాడకండి. మిగిలిన సగంలో ఏముందో మీకు తెలియదు.

పెండ్లయి పది, ఇరవై ఏళ్లయిన దంపతులారా, ఈ వ్యాసం పిల్లలకోసమని పక్కన పెట్టకండి. ఈ రాత్రి కుటుంబ ప్రార్థన అయ్యాక పది నిమిషాలు టీవీ, ఫోను పక్కన పెట్టి ఎదురెదురుగా కూర్చోండి. ఇన్నాళ్లూ చెప్పకుండా దాచుకున్న ఒక్క మాట, మంచిదైనా, బాధ కలిగించినదైనా, మెల్లగా చెప్పండి. వినేవారు మధ్యలో అడ్డురాకండి. మన జంట నేటికీ జపమాల తరువాత ఆ పని చేస్తున్నారట. మొన్న కలిసినప్పుడు అతణ్ణి ఇప్పుడు ఏం మాట్లాడుకుంటున్నారని అడిగాను. "ముందు తిన్నావా అనే అడుగుతాను ఫాదరుగారూ. కాని ఇప్పుడు జవాబు చెప్పేదాకా మొహం చూస్తున్నాను" అన్నాడు.

వాక్కు మానవుడై మన మధ్య నివసించాడని మన విశ్వాసం. దేవుడు మనల్ని ప్రేమించి ఊరుకోలేదు. ఆ ప్రేమను మనకు అర్థమయ్యే మాటగా మన దగ్గరకు పంపాడు. ఆ వాక్కైన క్రీస్తు ప్రభువు మన ఇళ్లలో బిగిసిన పెదవులను తెరచునుగాక. ముడుచుకున్న మనసులను విప్పునుగాక. తిరుకుటుంబంలోని మాటనూ మౌనాన్నీ మన కుటుంబాలకు నేర్పునుగాక. ఆమెన్.